పెంచలయ్య, మాలకొండయ్య, మస్తాన్: మా వైపు పేర్లు, వాటిని మోసిన ప్రముఖులు

దినపత్రికలో ఏ విశాఖపట్నం నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన వార్తలో పెంచలయ్య అనే పేరు కనబడితే, ఆ మనిషి మూలాలు నెల్లూరు జిల్లాలోనో, వెలిగొండలకు ఆవలి పక్కనున్న రాజంపేట, చిట్వేలు ప్రాంతంలోనో ఉంటాయని మా వైపు వాళ్ళు ఇంటిపేరు చూడకుండానే చెప్పేస్తారు. మాలకొండయ్య అంటే కందుకూరు, కనిగిరి, పామూరు పరిసరాలు గుర్తుకు వస్తాయి. మస్తాన్ అనే పేరు నెల్లూరు నుంచి గుంటూరు దాకా విస్తరించి ఉంది కాబట్టి అంత సూటిగా ఊరు చెప్పలేకపోయినా, హిందువుల ఇంట్లో ఆ పేరు వినబడిందంటే మాత్రం ఈ కోస్తా జిల్లాల మనిషేనని తొంభై పాళ్ళు అనుకోవచ్చు. తక్కిన తెలుగు నేల మీద అరుదుగా వినిపించి, ఇక్కడ మాత్రం వీధికి ఇద్దరికి తగిలే ఇలాంటి పేర్లతో పెరిగి, రాష్ట్రానికీ దేశానికీ తెలిసిన వారి పేర్లను చాలా కాలంగా గమనిస్తూ వస్తున్నాను. ఇంటిపేర్ల గురించి మనవాళ్ళు విస్తారంగానే రాశారు గాని, పెట్టిన పేరు కూడా అంత చరిత్ర చెబుతుందన్న సంగతి మీద దృష్టి పెట్టినవారు తక్కువ.

ఇంటిపేరు సాధారణంగా ఆ వంశం ఒకప్పుడు ఏ ఊరి నుంచి వచ్చిందో చెబుతుంది. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిన గోపాలరెడ్డి గారి ఇంటిపేరు బెజవాడ. కోలారు బంగారు గనుల కాలనీలో పుట్టి, మలాన్ని చేతులతో ఎత్తించే దురాచారం మీద పోరాడి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న విల్సన్ గారి ఇంటిపేరు కూడా బెజవాడే. వారిద్దరికీ బంధుత్వం లేదు, కులం ఒకటి కాదు, పుట్టిన రాష్ట్రం కూడా ఒకటి కాదు. మేం చెప్పుకొంటున్న పేర్ల తీరు వేరు. పెంచలయ్య అనే పేరు తాతముత్తాతల ఊరి సంగతి చెప్పదు. ఆ పిల్లవాడు పుట్టకముందు తల్లిదండ్రులు ఏ కొండకు వెళ్ళి మొక్కుకున్నారో చెబుతుంది. అందుకే ఈ పేర్లలో కులమూ పెద్దగా బయటపడదు. పెంచలరెడ్డి, పెంచలనాయుడు అని చివర తోకలు తగిలించుకున్న వాళ్ళున్నా, ఒట్టి పెంచలయ్య ఏ ఇంటి వాడైనా కావచ్చు.

రాపూరు మండలంలో వెలిగొండల ఒడిలో ఉన్న పెంచలకోన పెనుశిల లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం. హిరణ్యకశిపుని చంపిన ఉగ్రంతో అడవుల్లో తిరుగుతున్న స్వామి ఇక్కడ చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని చూసి శాంతించి, ఆమెతో కలిసి పెనుశిలగా నిలిచాడన్నది స్థలపురాణం. కోనలో స్వామికీ, అలిగి కొంచెం ఎడంగా కొలువైన ఆదిలక్ష్మికీ, చెంచులక్ష్మికీ వేర్వేరు గుళ్ళున్నాయి. వైశాఖ మాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. పిల్లలు కలగనివారు ఇక్కడికి వచ్చి మొక్కుకొని, పుట్టిన బిడ్డకు మగవాడైతే పెంచలయ్య, ఆడపిల్లయితే పెంచలమ్మ అని పేరు పెట్టి, తలనీలాలు ఇవ్వడానికి మళ్ళీ రావడం తరాలుగా ఉన్న ఆనవాయితీ. నేను చదివిన బడిలో మాస్టారు హాజరు పిలుస్తూ పెంచలయ్యా అంటే ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచేవారు. ఆయనకు విసుగు పుట్టి పొడుగు పెంచలయ్య, కొత్తూరు పెంచలయ్య అని పట్టీలోనే పెన్సిలుతో రాసుకున్నాడు.

ఈ పేరుతో రాజకీయాల్లో అందరికీ తెలిసిన వ్యక్తి 1984లో తెలుగుదేశం తరఫున నెల్లూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన పుచ్చలపల్లి పెంచలయ్య. అప్పట్లో నెల్లూరు షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. ఆయన ఇంటిపేరు చూడగానే ఎవరికైనా పుచ్చలపల్లి సుందరయ్య స్ఫురిస్తారు. విడవలూరు మండలం అలగానిపాడులో 1913 మే 1న భూస్వామ్య రెడ్ల కుటుంబంలో పుట్టిన సుందరరామిరెడ్డి, పేరు చివరి కులసూచికను వదిలేసి సుందరయ్యగా మారి, 1964 నుంచి పద్నాలుగేళ్ళు సీపీఎం ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఒకే ఇంటిపేరుతో ఒకే జిల్లా నుంచి పార్లమెంటుకు వెళ్ళిన ఈ ఇద్దరూ రెండు వేర్వేరు కులాల వారు కావడం, ఇంటిపేరును బట్టి మనిషిని లెక్కగట్టే అలవాటున్న వారికి చెప్పదగ్గ ఉదాహరణ. పెంచలయ్యకు ముందు, 1970లలో, అదే స్థానం నుంచి గెలిచినవారి పేరు దొడ్డవరపు కామాక్షయ్య. పెన్నా ఒడ్డున జొన్నవాడలో కొలువైన కామాక్షితాయి పేరు మీద కామాక్షయ్య, కామాక్షమ్మ అని పెట్టుకోవడం కూడా మా జిల్లాకే చెల్లింది. బ్రహ్మోత్సవాలు మొదలైన రోజున అక్కడ పంచే కొడిముద్దల ప్రసాదం కోసం సంతానం లేని ఆడవాళ్ళు కొంగులు పట్టి నిలబడతారు. ఆ రెండు గుళ్ళ పేర్లూ మోసిన ఇద్దరు ఒకే స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళారన్నది జిల్లా రాజకీయ చరిత్ర రాసిన వాళ్ళెవరూ పట్టించుకున్నట్టు లేదు. నాకు మాత్రం చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

కొండకు ఆవలి వైపు నుంచి వచ్చినవారు గాయకుడు పెంచల్‌దాస్. రాయలసీమ యాసలో సొంతంగా పదాలు కట్టి పాడే ఆయన, 2018లో ఒక సినిమాకు తానే రాసి పాడిన పాటతో రెండు రాష్ట్రాలకూ తెలిశారు. పేరు చివరి అయ్యను తీసేసినా పెంచలను వదలకపోవడం వల్ల, పాట విన్నవాళ్ళకు ఆయన ఏ కొండ ఛాయల్లోంచి వచ్చారో ఇట్టే తెలిసిపోతుంది.

స్వామి పేరే గాక చెంచులక్ష్మి పేరు కూడా మా పిల్లలకు దక్కింది. చెంచయ్య, చెంచమ్మ, చెంచురామయ్య, చెంచురెడ్డి అనే పేర్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత తరం వారిలో విరివిగా కనబడతాయి. వీరిలో అందరికన్నా దూరం వెళ్ళినవారు కనిగిరిలో 1890లో పుట్టిన దరిశి చెంచయ్య. చదువు కోసం అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో బ్రిటిషు పాలనను కూలదోయడానికి ప్రవాస భారతీయులు పెట్టిన గదర్ పార్టీలో చేరి, బ్రిటిషు ప్రభుత్వం చేతికి చిక్కి జైలు పాలై, తిరిగి వచ్చాక సంఘసంస్కరణలో దిగి, పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమానికి దగ్గరై, ఆ అనుభవాలన్నీ స్వీయచరిత్రగా రాసిన మనిషి ఆయన. గదర్ వీరుల జాబితాలో పంజాబీ పేర్ల మధ్య చెంచయ్య అనే మాట కనబడడం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని విషయం. దేవుళ్ళ మీద నమ్మకాన్ని ప్రశ్నించే ఉద్యమంలో తిరిగినా, తల్లిదండ్రులు పెట్టిన ఆ పేరును ఆయన మార్చుకోలేదు.

ఇక మాలకొండ. వలేటివారిపాలెం మండలంలో, కందుకూరు నుంచి పామూరు వెళ్ళే దారికి దాపున ఉన్న ఈ కొండ మీద మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుచుకుంటుంది. తక్కిన ఆరు రోజులూ దేవతలూ ఋషులూ స్వామిని సేవించుకుంటారని నమ్మకం. శనివారం తెల్లవారకముందే కొండ కింద బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు నిండిపోతాయి. తలనీలాలు ఇచ్చే చోట ఏడాది బిడ్డలను మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకొని గట్టిగా పట్టుకుంటే, మంగలి నెత్తి మీద నీళ్ళు చిలకరించి మూడు కత్తెర్లు వేసేలోపే బిడ్డ ఏడుపు లంకించుకుంటుంది. గుండు అయ్యాక చందనం పూసి, అంతదాకా చంటోడు, చిట్టిగాడు అని పిలుచుకున్న పిల్లవాణ్ణి అక్కడి నుంచి మాలకొండయ్యా అని పిలవడం మొదలుపెడతారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి రెండేళ్ళకు ప్రకాశం జిల్లా అయింది. అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ కొండ అందులోకి వెళ్ళి, 2022 పునర్విభజనలో మళ్ళీ నెల్లూరులో కలిసింది. జిల్లా ఏదైనా పేరు పెట్టుకునే వాళ్ళ ఊళ్ళు మాత్రం అవే.

ఈ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు అధిపతి అయినవారు ఎం. మాలకొండయ్య. 2018 తొలి ఆరు నెలలు డీజీపీగా ఉండి పదవీ విరమణ చేశారు. ఆ రోజుల్లో హైదరాబాదులో పెరిగిన మిత్రుడొకరు టీవీలో ఆ పేరు చూసి ఇదేం పేరండీ అని అడిగితే, కొండ ఎక్కడుందో, గుడి ఎప్పుడు తెరుస్తారో అంతా చెప్పవలసి వచ్చింది. 2024లో చీరాల నుంచి శాసనసభకు ఎన్నికైన మద్దులూరి మాలకొండయ్య యాదవ్‌ను జనం ఎం.ఎం. కొండయ్య అంటారు. ఇంటిపేరులోని మకారంతో పాటు కొండ పేరులోని మొదటి అక్షరం కూడా ఇనీషియల్ అయిపోయి, చివరికి ఏ కొండకైనా సరిపోయే కొండయ్య మిగిలాడు. గోడల మీద రాయడానికీ, నినాదాలివ్వడానికీ అది వీలుగా ఉందని ఒప్పుకుంటాను గాని, మాలకొండ పోవడం నాకు కొంచెం వెలితిగానే ఉంది. కొంతమంది ఇళ్ళలో ఇదే పేరు సంస్కృతం పలుకుబడిలో మాల్యాద్రి అవుతుంది. ఆదాయపు పన్ను శాఖలో పనిచేసి రాజకీయాల్లోకి వచ్చి, 2014లో బాపట్ల నుంచి లోక్‌సభకు ఎన్నికైన శ్రీరామ్ మాల్యాద్రి పేరు అలాంటిదే. అంటే డీజీపీ గారి పేరూ, ఈ ఎంపీ గారి పేరూ నిజానికి ఒక్కటే. ఒకరిది పల్లెటూరి నోటిలో, ఒకరిది పురోహితుడి నోటిలో పలికిన రూపం.

మస్తాన్ సంగతి చెప్పడానికి కొంచెం ఎక్కువ చోటు కావాలి. వెంకటాచలం మండలం కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గా ఉంది. పీర్ల పేర్లు హిందువుల ఇళ్ళలో పెట్టుకోవడం తెలుగు నేల మీద కొత్తేమీ కాదు. రాయలసీమలో దస్తగిరి రెడ్లున్నారు, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతంలో జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు, సైదిరెడ్లున్నారు. కాని మా వైపు మస్తాన్ ఎంతగా కలిసిపోయిందంటే, మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి, మస్తాన్‌రావు, మస్తాన్‌బాబు అని తోక మార్చుకుంటూ అన్ని ఇళ్ళలోకీ వెళ్ళిపోయింది. కసుమూరులో గంధం రోజున చూస్తే ఈ కలయిక ఎలా జరిగిందో ఎవరూ వివరించనక్కరలేదు. పూల చాదర్ తెచ్చినవారి పక్కనే కొబ్బరికాయలు, చక్కెర పొట్లాలు పట్టుకొని బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు వరుసలో ఉంటారు. దర్గా సేవ చూసుకునే ముజావరు ఫాతిహా చదివి, నెమలీకల కట్టతో పిల్లవాడి తల మీద తట్టి, చక్కెర నోట్లో వేస్తాడు. బయట చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి మీద, మొక్కు తీర్చుకునే కందూరు విందుకు కూర ఉడుకుతూ ఉంటుంది. ఆ పిల్లవాడికి అక్కడే మస్తాన్ అని పేరు పెడతారు. ఇంటికి వచ్చాక ఇరవై ఒకటో రోజు బారసాల ముచ్చటలో మరో పేరు పెట్టినా, పిలుపు పేరు మాత్రం మస్తానే.

ఈ పేరును ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన చోటికి మోసుకెళ్ళినవాడు మల్లి మస్తాన్‌బాబు. సంగం మండలం గాంధీ జనసంఘం అనే చిన్న ఊళ్ళో 1974 సెప్టెంబర్ 3న పుట్టాడు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుతున్నప్పుడు, అదే బడిలో చదివి, 1985లో ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు కోల్పోయిన సైనికాధికారి ఉదయభాస్కరరావు విగ్రహం చూసి పర్వతాల మీద మనసు పడ్డాడు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంటు చదివాడు. అంత చదువుతో వచ్చే ఉద్యోగాలు ఎలాంటివో మనకు తెలియనిది కాదు. ఆయన వాటిని పక్కన పెట్టి కొండలెక్కడమే పనిగా పెట్టుకున్నాడు.

2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకాంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోసియస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న యూరప్‌లో ఎల్‌బ్రస్, జూలై 10న ఉత్తర అమెరికాలో డెనాలి. క్యాలెండరు తీసి చూస్తే ఇవి వరుసగా గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమవారాలు. వారంలోని ఏడు రోజుల్లో ఏ రోజూ రెండుసార్లు రాలేదు. కొండ శిఖరం మీద వాతావరణం దయతలచిన రోజే ఎక్కాలి గాని వారం చూసుకొని ఎక్కడం కుదరదు కాబట్టి, ఇందులో అదృష్టం పాలు కూడా ఉండి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎవరెస్ట్ ఎక్కిన తొలి వ్యక్తి ఆయనే. 2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లోని త్రెస్ క్రూసెస్ శిఖరం దగ్గర ఆచూకీ తెలియకుండా పోయాడు. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం కనబడింది. దాన్ని అక్కడి నుంచి దించి, విమానాలు మార్చి, సొంత ఊరికి చేర్చి అంత్యక్రియలు జరిపేసరికి ఏప్రిల్ 25 అయింది. ఆ నెల రోజులూ మా జిల్లాలో ఏ టీ కొట్టు దగ్గర చూసినా పత్రిక చేతబట్టి మస్తాన్‌బాబు గురించే మాట్లాడుకున్నారు. ఆ పేరున్న కుర్రవాళ్ళు ఊరూరా ఉన్నందువల్లనో ఏమో, తమ ఇంటి పిల్లవాడి గురించి అడిగినట్టే అడిగేవారు.

బీద మస్తాన్‌రావు దారి వేరు. అల్లూరు మండలం ఇస్కపల్లి నుంచి వచ్చి, రొయ్యల వ్యాపారంలో ఎదిగి, 2009లో కావలి శాసనసభ్యుడై, 2022లో రాజ్యసభకు వెళ్ళారు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల చరిత్ర రాసేవారు ఆయన పేరు తలవక తప్పదు. గుంటూరు వైపు, తెనాలి దగ్గర గుడివాడ అనే ఊళ్ళో పొలం గట్టు మీద కట్టెల పొయ్యి పెట్టి వండుతూ, నూరేళ్ళు దాటిన వయసులో యూట్యూబు ద్వారా దేశదేశాలకు తెలిసిన మస్తానమ్మ 2018 డిసెంబరులో కన్నుమూసింది. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండిన ఆమె వీడియో చూసిన లక్షల మందిలో ఎక్కువ పాళ్ళు తెలుగు రానివాళ్ళే. అవ్వ అల్లం పొట్టును గోటితో గీకి తీసే తీరు చూడడానికి భాషతో పనిలేదనుకోండి.

దక్షిణానికి వెళితే ఈ పేరు తమిళనాడులో ముస్లింల ఇళ్ళకే పరిమితమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో మద్రాసు తొండయార్‌పేటలో ఉంటూ తమిళంలో సూఫీ పదాలు పాడిన కుణంగుడి మస్తాన్ సాహిబు, బొంబాయి రేవులో కూలీగా మొదలై చీకటి వ్యాపారంలో దొరగా పేరు మోసిన హాజీ మస్తాన్, స్టాలిన్ మంత్రివర్గంలో పనిచేసిన సెంజి మస్తాన్, అందరూ ఆ నేల వాళ్ళే. ఇంత తేడా గల మనుషులను ఒకే పేరు కింద చూడడం వింతగానే ఉంటుంది. ఈ ఎడం వల్లనే మా మస్తానయ్యలకు పరాయి రాష్ట్రాల్లో చిక్కులు ఎదురవుతాయి. మా బంధువు ఒకాయన ఉత్తరాదిన ఒక ఆఫీసులో దరఖాస్తు ఇస్తే, మతం గడిలో హిందువు అని రాసినందుకు గుమాస్తా దాన్ని తప్పనుకొని కొట్టివేసి తానే దిద్దాడట. ఈయన పళ్ళు కొరుక్కొని మళ్ళీ కొత్త కాగితం నింపుకొచ్చాడు.

ప్రముఖుల వరుసలో ఆడవాళ్ళ పేర్లు తక్కువే కనబడతాయి. పెంచలమ్మలు, కామాక్షమ్మలు, మాలకొండమ్మలు మా ఊళ్ళలో లెక్కకు మిక్కిలిగా ఉన్నా, వారిలో పత్రికకెక్కినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతే. ఆడపిల్లను చదివించే ఇంట్లోనే పేరు కూడా నాజూగ్గా మార్చడం వల్ల ఇలా జరిగి ఉంటుందని నా అనుమానం. ఆ మార్పుకు లొంగని పేరు వెంగమ్మ. ఉదయగిరి వైపు దుత్తలూరు మండలం నర్రవాడలో అగ్నిప్రవేశం చేసిన పేరంటాలు వెంగమాంబకు జ్యేష్ఠ మాసంలో జరిగే ఉత్సవాలకు ఒంగోలు, కడప జిల్లాల నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు, ఇప్పుడు కార్లలో వస్తున్నారు. వెంగమ్మ, వెంగయ్య, వెంగళరెడ్డి అనే పేర్లు ఆ చుట్టుపట్ల మెండు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి డైరెక్టరుగా పనిచేసిన నాడీవైద్య నిపుణురాలు డాక్టర్ బి. వెంగమ్మ పేరు ఏ గుడి నుంచి వచ్చిందో చెప్పే పని నేను పెట్టుకోను గాని, నరాల జబ్బుతో మా వైపు నుంచి తిరుపతి వెళ్ళిన ముసలివాళ్ళు మాత్రం ఇంటికొచ్చి, మందుల చీటీ చూపిస్తూ, మా వెంగమ్మ తల్లి చూసిందని చెబుతుంటారు.